ఒక్క సెమిస్టరులో ఆసియా ఖండం

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీకి సంగీతం చెప్పే ఉద్యోగం కోసం వెళ్తే ముందు పాడమంటారని మా బంధువులందరూ అనుకున్నారు. ఎవరూ పాడమనలేదు. నా గొంతు ఎలా ఉంటుందో కాలేజీవాళ్ళకి తెలిసే నాటికి నా వేలిముద్రలూ, ఊపిరితిత్తుల సంగతీ, మన దేశంలో నేను ఏ ఏడాది ఏ పరీక్ష రాసి ఎన్ని మార్కులు తెచ్చుకున్నానన్న వివరాలూ అన్నీ వాళ్ళ ఫైలులో చేరిపోయాయి.

నేను విజయనగరంలో పాట నేర్చుకున్నదాన్ని. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల అది, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు చెప్పిన చోటు. అక్కడ డిప్లొమా, తరవాత ఇంకో ఊళ్ళో ఎం.ఏ. సంగీతం. పెళ్ళయి శాన్ హోసే ప్రాంతానికి వచ్చాక ఇంట్లోనే పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. శనివారం పొద్దున లోపల సరళీ స్వరాలు, బయట కార్లలో ఫోన్లు చూసుకుంటూ తండ్రులు. ఆ పనిలో లోటేమీ లేదు గానీ, గీతాలు దాటి వర్ణంలోకి వచ్చే వయసుకి పిల్లలు పరీక్షల పేరు చెప్పి మానేసేవారు. మన సంగీతం ఎన్నడూ వినని పెద్దవాళ్ళకి చెప్పి చూడాలన్న కోరిక అప్పటిది.

దారి చూపించినాయన చైనా చరిత్ర బోధించే ఒక ప్రొఫెసరు. మా ఊరి లైబ్రరీలో ఆయన ప్రసంగం విన్నాక పరిచయమైంది. ఆయన పనిచేసే కాలేజీలో ఏషియన్ స్టడీస్ సర్టిఫికెట్ ఒకటి ఉంది. దానికి లెక్కలోకి వచ్చే కోర్సుల్లో ఆసియా సంగీతం కూడా ఉంది. చెప్పే ఆవిడ రిటైరయ్యాక అది కేటలాగులో పేరుకే మిగిలింది. మీరెందుకు దరఖాస్తు పెట్టకూడదు అని ఆయనే అడిగారు.

కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళలో కొంత చిన్నచూపు ఉంది, యూనివర్సిటీలో సీటు రానివాళ్ళు చేరే చోటని. కాలిఫోర్నియా ఉన్నత విద్యకి 1960లో వేసిన మాస్టర్ ప్లాన్ ఈ కాలేజీల తలుపులు అందరికీ తెరిచి పెట్టమంది. ఇప్పుడు రాష్ట్రంలో 116 ఉన్నాయి. రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల నా కోర్సుకి 138 డాలర్లు. రెండేళ్ళు ఇక్కడ చదివి పెద్ద యూనివర్సిటీలకి మారేవాళ్ళు ఎందరో. చిన్నచూపు చూసే మన ఇళ్ళల్లోంచే హైస్కూలు పిల్లలు కాలేజీ దరఖాస్తుల్లో రాసుకోవడానికి ఇక్కడికి వచ్చి కోర్సులు చేస్తారన్నది తరవాత తెలిసింది.

మొదటి చిక్కు నేను ఏ శాఖ మనిషిని అన్నది. పాఠం ఆసియా గురించి, విషయం సంగీతం. ఏషియన్ స్టడీస్ అనే శాఖకి ఇక్కడ వేరే కథ ఉందని ప్రొఫెసరు గారు చెప్పారు. రష్యా స్పుత్నిక్ వదిలిన మరుసటి ఏడాది, 1958లో, అమెరికా రక్షణ పేరుతోనే ఒక విద్యా చట్టం తెచ్చి పరాయి భాషలూ ప్రాంతాల చదువుకి డబ్బు పోసింది. మనకి అమ్మిన గోధుమలకి రూపాయల్లో వచ్చిన సొమ్ముతో, 1962 నుంచి పి.ఎల్. 480 అనే అమెరికా చట్టం కింద మన పుస్తకాలు కొని ఇక్కడి లైబ్రరీలకి పంపింది కూడా ఆ కాలంలోనే. అమెరికా యూనివర్సిటీ లైబ్రరీల్లో పాత తెలుగు పుస్తకాలు దొరకడానికి ఆ గోధుమలు ఒక ముఖ్య కారణం. అమెరికాలో స్థిరపడ్డ ఆసియావాళ్ళ గురించి చెప్పే ఏషియన్ అమెరికన్ స్టడీస్ మళ్ళీ వేరు. అది 1968-69లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి సాధించుకున్నది. ఒకటి ప్రభుత్వం అవసరం కొద్దీ పెట్టింది, రెండోది పిల్లలు పోట్లాడి తెచ్చుకున్నది. రెండిటి మధ్యా ఇప్పటికీ కాస్త దూరం ఉంది, సమావేశాల్లో కుర్చీలు వేసుకునే తీరులోనే కనిపిస్తుంది.

చివరికి నా కోర్సు సంగీత శాఖదని తేలింది. అంటే రాష్ట్రం ఆ విషయానికి పెట్టిన కనీస అర్హత నాకు ఉండాలి, సంగీతంలో మాస్టర్స్ లేదా దానికి సమానమైనది. ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే, అది లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. విదేశీ డిగ్రీని ముందు ఒక మదింపు సంస్థకి పంపాలి. మన మూడేళ్ళ బి.ఏ. దగ్గర వాళ్ళ లెక్క ఆగుతుంది, ఇక్కడ బాచిలర్స్ నాలుగేళ్ళు కాబట్టి. సీలు వేసిన కవరులో ట్రాన్స్‌క్రిప్టులు కావాలన్నారు. వాటి కోసం మా పిన్ని కొడుకు నేను చదివిన యూనివర్సిటీ చుట్టూ తిరిగాడు. చలానా కట్టిన కౌంటరు ఒకటి, కాగితం ఇచ్చే గది ఇంకొకటి, సంతకం పెట్టే ఆయన సెలవు. "అక్కా, నీకు అమెరికాలో ఉద్యోగం రాకపోతే పోయె, నాకు ఇక్కడ వచ్చేలా ఉంది, అందరూ గుర్తుపడుతున్నారు" అని మెసేజ్ పెట్టాడు.

మదింపులో నా ఎం.ఏ.కి పూర్తి మాస్టర్స్ విలువ రాలేదు. అప్పుడు సమానార్హత దారి పట్టాను. కాలేజీ అధ్యాపకుల సెనేటు వేసిన కమిటీ, నా చదువూ అనుభవమూ కలిపి మాస్టర్స్‌తో సమానమా కాదా అని తేలుస్తుంది. డిప్లొమా ప్రాక్టికల్‌లో ఏం పాడాలో రాసి ఇమ్మన్నారు. రాగాలాపన, నెరవు, కల్పనస్వరం అంటే ఏమిటో ఒక పియానో టీచరుకీ, ఒక ఇంగ్లీషు టీచరుకీ అర్థమయ్యేలా రాయడానికి కూర్చున్నాను. ఇంతకాలం గాలిలా వాడుకున్నవాటికి ఇన్ని గంటల అభ్యాసం, ఇన్ని రాగాలు, పరీక్షలో ఇంత సేపు అని అంకెలు వేయవలసి వచ్చింది. మొదట చిరాకు పడ్డాను. రాసేకొద్దీ మా గురువులు మాతో ఎంత పని చేయించారో నాకే కొత్తగా తెలిసింది. ఆ కాగితాల బొత్తి చూశాక కమిటీ ఒప్పుకుంది.

ఇంటర్వ్యూ ఇంకో వింత. బల్లకి అవతల నలుగురు. ప్రశ్నలు ముందే అచ్చువేసి ఉన్నాయి. వంతులవారీగా ఉన్నది ఉన్నట్టు చదువుతారు, నేను చెప్పింది రాసుకుంటారు. ఊఁ కొట్టరు, తల ఊపరు, నవ్వరు. తల ఊపే శ్రోతల మధ్య పెరిగినదాన్ని, ఆ నిశ్శబ్దంలో నాకు శ్రుతి పోయినట్టే అయింది. అందరు అభ్యర్థులనీ ఒకే ప్రశ్నలు ఒకే వరసలో అడగాలని, ముఖంలో కూడా పక్షపాతం కనపడకూడదని నియమమట. ఫలానావారి తాలూకు అని ఒక ఫోను కొట్టిస్తే చాలనుకునే చోటు నుంచి వచ్చాను కాబట్టి, ఆ కొయ్య ముఖాల మీద నాకు తరవాత గౌరవమే కలిగింది.

చివర కొద్ది నిమిషాలు నమూనా పాఠం. ఒక ఆసియా సంప్రదాయంలో కాలాన్ని ఎలా లెక్కిస్తారో కొత్త విద్యార్థులకి చెప్పాలి. పాడకుండా చేతులతోనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆది తాళం వేయించాను: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, తరవాత దెబ్బా విసురూ, దెబ్బా విసురూ. ట్రంపెట్ చెప్పే ఆయన చిటికెన వేలికి బదులు చూపుడు వేలితో మొదలుపెట్టి, సరిచేసుకుని, మళ్ళీ అదే చేశారు. అది కుదురుకున్నాక గమెలాన్ అనే జావా కంచు వాద్యబృందం వాయించిన ముక్క ఒకటి వినిపించాను. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో నాసా పంపిన రికార్డులో ఉన్నదే, యోగ్యకర్త రాజభవనంలో రాబర్ట్ బ్రౌన్ రికార్డు చేసినది. ఆయన మృదంగం మీద పరిశోధన చేసిన మనిషి. అదే రికార్డులో హిందూస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గొంతు వెళ్ళడానికి కూడా ఆయన సిఫారసే కారణం.

ఆ జావా ముక్కలో పదహారు లెక్కలకి ఒకసారి పెద్ద గాంగు మోగుతుంది. అంటే ఆది తాళం రెండు ఆవర్తాలు. అయితే మనకి బరువు మొదటి అక్షరం మీద, సమం దగ్గర ఉంటుంది. వాళ్ళకి బరువంతా ఆఖరి లెక్క మీద ఉంటుంది. గాంగు వచ్చేది పదహారో దెబ్బకి, ఒకటో దెబ్బకి కాదు. చేతులతో తాళం వేస్తూ వింటే, మన వేళ్ళు ఇంకా విసురులో ఉండగానే వాళ్ళ ప్రయాణం ముగుస్తుంది. నలుగురూ తాళం వేస్తూ గాంగు కోసం కాచుకున్నారు. అది మోగినప్పుడు ట్రంపెట్ ఆయన నియమం మరచి నవ్వేశారు.

వేలిముద్రల లైవ్ స్కాన్, క్షయ పరీక్ష వగైరా తతంగం అంతా ఆ తరవాత. దాని గురించి చెప్పడానికేమీ లేదు, క్యూలో నిలబడాలి అంతే.

అసలు పని పాఠాలు తయారుచేసుకోవడంలో మొదలైంది. జపాన్ గగకు, కొరియా పాన్సోరి, చైనా గూచిన్, ఇండోనేషియా గమెలాన్, వియత్నాం, ఫిలిప్పీన్స్, ఇరాన్ దాకా, మధ్యలో ఎక్కడో మనం. పాత సిలబసులో భారతదేశానికి ఇచ్చిన సమయంలో సగం సితారుకే పోయింది, కర్ణాటక సంగీతం ఒక పేరాలో సర్దుకుంది. మొదటి ఆవేశంలో మన సంగీతానికి నాలుగు వారాలు పెట్టేశాను. కొరియాకి ఒక్క గంట మిగిలింది. నాకు ఒక్క పేరా ఇచ్చినవాళ్ళ మీద కోపం వచ్చింది కదా, కొరియా పిల్ల ఒకతె ఈ సిలబసు చూస్తే ఆమెకి రాదా అనిపించి, మళ్ళీ కూర్చుని మార్చాను. ఒక సంప్రదాయంలో పెరిగినవాళ్ళు ఖండం మొత్తం చెప్పవలసి వచ్చినప్పుడు నిజాయితీ ఏమిటంటే మిగతావాటి దగ్గర విద్యార్థిగా కూర్చోవడమే. పుస్తకం చదివి చెప్పేస్తే క్లాసు నడుస్తుంది, కానీ ఒంటికి తెలియదు.

అందుకే 1979 నుంచి ఈస్ట్ బేలో నడుస్తున్న గమెలాన్ సెకర్ జయ అనే బృందం బాలి సంగీతం వాయిస్తుంటే విని, తరవాత బాలి వాద్యం తెలిసిన ఒకామె దగ్గర మొదటి పాఠాలు చెప్పించుకున్నాను. చెప్పులు విడిచి వెళ్ళాలి, వాద్యాన్ని దాటకూడదు. ఇవి నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇబ్బంది చెవికి వచ్చింది. బాలిలో కంచు వాద్యాలని జంటలుగా చేస్తారు. ఒకే స్వరం, కానీ జంటలో ఒకదాన్ని కావాలనే కొంచెం ఎక్కువగా, రెండోదాన్ని కొంచెం తక్కువగా పెడతారు. రెండూ కలిసి మోగితే గాలిలో అల కదిలినట్టు శబ్దం వణుకుతుంది. ఆ అల లేకపోతే వాద్యం చచ్చినట్టుంటుందని వాళ్ళ నమ్మకం. శ్రుతిపెట్టె అయిదున్నరకి పెట్టి, వెంట్రుకవాసి తేడా వస్తే గురువుగారి కనుబొమ్మ లేచిన చోట పెరిగిన చెవి నాది. మొదట్లో పళ్ళు జిల్లుమన్నాయి. కుడిచేతి సుత్తితో ఒక పలకని మోగిస్తూ, అంతకు ముందు మోగినదాన్ని ఎడమచేత్తో పట్టి ఆపాలి. నా ఎడమ చెయ్యి మాత్రం తాళం వేయడానికే లేచేది. ఆవిడ ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుని పలక మీద పెట్టేది. కొన్ని వారాలకి ఆ వణుకు లేని శబ్దమే వెలితిగా వినిపించడం మొదలైంది.

నా క్లాసు మంగళవారం సాయంత్రం. మొదటి రోజు చూస్తే రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సింగ్ అసిస్టెంట్లు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని హోంవర్కు చేయించే ఒక తల్లి, గిటారు తెలిసిన కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలు. తెలుగు పిల్లల్లో ఒకడి తండ్రి నాకు ఫోను చేశారు. "నమస్కారమమ్మా, మావాడు ఎలా చదువుతున్నాడు? ఏ గ్రేడు వస్తుందంటారు?" ఫెర్పా అనే చట్టం ఉంది. హైస్కూలు పిల్లవాడైనా సరే, కాలేజీ కోర్సులో చేరాక ఆ రికార్డు మీద హక్కు వాడిదే, నేను తండ్రికి కూడా చెప్పకూడదు. ఆ మాట మెత్తగా చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "మీరూ మనవాళ్ళే కదమ్మా" అన్నారు. మనవాళ్ళమే అండీ, అయినా చెప్పలేను అన్నాను. "పోనీ వాడు క్లాసుకి వస్తున్నాడో లేదో చెప్పండి." అదీ చెప్పలేను.

ఒక వియత్నాం అమ్మాయి వాళ్ళ తాతగారి దాన్ బౌ తెచ్చింది. ఒకటే తీగ. కుడిచెయ్యి అంచుతో తీగని ఒక చోట ఆనీ ఆనకుండా తాకుతూ మీటాలి, అప్పుడు సన్నటి స్వరం వస్తుంది. ఎడమచేత్తో చివర ఉన్న సన్నని కొమ్ముని వంచితే ఆ స్వరం సాగుతుంది, ఊగుతుంది, జారుతుంది. ఆ అమ్మాయికి వాయించడం అంతగా రాదు, తాతగారి దగ్గర చూసింది అంతే. కొమ్ము వంచుతూ ఒకే స్వరాన్ని ఊపింది. నేను తోడిలో గాంధారం పట్టుకుని పక్కన పాడాను. కాలేజీలో నేను గొంతు విప్పింది అదే మొదటిసారి. రెండూ ఒకటి కావు, కలవలేదు కూడా. కానీ గమకమంటే ఏమిటో ఆ రోజు నేను ఒక్క ముక్క వివరించకుండానే క్లాసుకి తెలిసింది. వెనక బెంచీలో మాజీ సైనికుడు ఒకాయన, ఆమె వంచుతోంది, మీరు కూడా గొంతుని అలాగే వంచుతున్నారు అన్నాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది ప్రొఫెసరు గారితో కలిసి చెప్పిన ఉమ్మడి క్లాసు. ఆయన బౌద్ధం నడిచిన దారులు చెప్పారు, నేను ఆ దారుల్లో నడిచిన వాద్యాలు చెప్పాను. జపాన్‌లోని నారాలో షోసోయిన్ భాండారంలో బివా అనే అయిదు తీగల వాద్యం ఒకటి ఉంది, గులాబికొయ్య మీద ముత్యపుచిప్ప పొదిగినది. ఆ కాలపు అయిదు తీగల బివా లోకంలో అదొక్కటే మిగిలింది. ఆ రకం వాద్యం పుట్టుక భారతదేశంలో అని పండితుల అభిప్రాయం. దాని తరవాత అమరావతి శిల్పాల ఫొటో వేశాను. విల్లులా వంగిన కొమ్ముకి తీగలు కట్టి ఒడిలో పెట్టుకున్న వీణలు అవి, మన ఇప్పటి వీణకి వాటితో పోలికే లేదు. మన దేశంలో ఆ వాద్యం దాదాపు అంతరించిపోయింది. ఆ వెంటనే బర్మా సౌంగ్ వాయిస్తున్న వీడియో పెట్టాను. అదే వంపు, అదే ఒడి, తీగల మీద వేళ్ళు కదులుతున్నాయి. కృష్ణ ఒడ్డున రాతిలో ఆగిపోయినది ఐరావతి ఒడ్డున ఇంకా పలుకుతోంది. క్లాసులో బర్మా నుంచి వచ్చిన కుర్రాడు, అది మా అత్తగారింట్లో గోడకి వేలాడుతుంది, నేను అలంకారం అనుకున్నాను అన్నాడు. ఆ రోజు క్లాసు గంట దాటిపోయినా ఎవరూ లేవలేదు. తరవాతి క్లాసువాళ్ళు తలుపు తట్టారు.

ఇక డబ్బు సంగతి. నాలాంటివాళ్ళు పార్ట్‌టైం. కాలేజీలని నడిపే ఒక డిస్ట్రిక్టులో పూర్తి పనిభారంలో 67 శాతానికి మించి చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని పార్ట్‌టైమువాళ్ళు రెండు మూడు డిస్ట్రిక్టుల్లో పాఠాలు చెబుతూ కార్లలోనే తింటారు. నేనూ రెండో కాలేజీ పట్టాను. రెండిటి మధ్యా 880 రోడ్డు, దాని మీద సాయంకాలం ట్రాఫిక్, కారులోనే గొంతు సాధన. కావలసినంత మంది చేరకపోతే సెమిస్టరు మొదలవబోతుండగా కోర్సు తీసేస్తారు, తయారుచేసుకున్న పాఠాలకి పైసా రాదు. సెలవుల్లో జీతం ఉండదు. ఆ సమయంలో నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఒక సహోద్యోగి చెప్పింది. 1989లో సెర్విసీ కేసులో ఇక్కడి అప్పీలు కోర్టు పార్ట్‌టైమువాళ్ళకి వచ్చే సెమిస్టరు పని ఖాయమన్న భరోసా లేదని తీర్పు ఇచ్చింది. భృతి అంటే మా ఇంట్లో మొదట ముఖాలు మారాయి. ఖండాన్ని తెలుసుకోవాలని కేటలాగులో గొప్పగా రాసుకునే కాలేజీలు ఆ ఖండాన్ని చెప్పేవాళ్ళని ఏడాదికి రెండుసార్లు నిరుద్యోగుల లెక్కలో వేయడం సిగ్గుపడవలసిన విషయమే. ఆ సిగ్గు నాది కాదు.

ఇప్పుడు కొత్తగా కర్ణాటక గాత్రం కోర్సు ఒకటి ప్రతిపాదించాను. కోర్సు రూపురేఖలు రాసి కరికులం కమిటీకి పెట్టాలి. చివరికి విద్యార్థి ఏం చేయగలడో కొలవడానికి వీలైన మాటల్లో రాయాలి. ఆస్వాదిస్తాడు, ఆనందిస్తాడు అని రాస్తే తిప్పి పంపుతారు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడతాడు, ఆది తాళం తప్పకుండా వేస్తాడు, విన్న రాగాల్లో రెండిటిని గుర్తుపడతాడు అని రాశాను. కమిటీలో ఒకాయన రాగాన్ని గుర్తుపట్టడం ఎలా కొలుస్తారు అని అడిగారు. నేను పాడతాను, వాళ్ళు పేరు చెబుతారు అన్నాను. అది ఆయనకి బాగా నచ్చింది, అలాగే రాసుకున్నారు.

కోర్సు అనుమతి దాదాపు ఖాయమే. అడ్డు పడింది చాపలు. నాకిచ్చిన గదిలో పియానో ఉంది, కుర్చీలున్నాయి, కింద కూర్చోవడానికి ఏమీ లేదు. చాపలు కావాలని ఫారం నింపాను. చాప ఫర్నిచరా, బోధన పరికరమా తేలితేగానీ ఏ పద్దు కింద కొనాలో చెప్పలేమని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నేలకి పరిచేది కాబట్టి అగ్నిమాపక నిబంధనలు చూసేవాళ్ళని కూడా అడగాలట. ఆ ఈమెయిళ్ళు ఇంకా నడుస్తున్నాయి. ఈలోగా ప్రొఫెసరు గారు తన యోగా చాపలు రెండు తెచ్చి నా గది మూల నిలబెట్టి వెళ్ళారు. ఒకటి ఊదారంగు, ఒకటి మీద తాబేలు బొమ్మ.